తాళం లేని ట్రంకుపెట్టెలు
(మా గ్రామీణ విలేఖరి)

తెనాలి: పుస్తకం ఒకసారి పరాయి చేతికి వెళితే ఇక పోయినట్లేనని పెద్దలు ఏనాడో చెప్పారు. ఆ సంగతి బాగా తెలిసి కూడా, జీవితమంతా కూడబెట్టుకున్న స్వంత పుస్తకాలను పిల్లల చేతుల్లో పెడుతున్న లైబ్రేరియన్ ఒకరు ఈ ప్రాంతంలో, కాలువ గట్టున ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉన్నారు. తన పేరు, ఊరు పత్రికలో రాయకూడదని ఆయన షరతు పెట్టారు. అందువల్ల ఆ రెండూ ఇక్కడ రాయడం లేదు.

మధ్యాహ్న భోజనం ముగిసి పిల్లలు పళ్ళేలు కడిగి వచ్చేసరికి లైబ్రరీ గది వరండాలో రెండు ట్రంకుపెట్టెలు తెరిచి ఉంటాయి. వాటికి గడియ ఉంది గాని తాళం కప్ప లేదు. ఆరో తరగతి వారు చందమామ బైండు పుస్తకాల కోసం ఒకరినొకరు తోసుకుంటారు. కాస్త పెద్ద తరగతుల వారు చిలకమర్తి వారి ‘గణపతి’, మొక్కపాటి వారి ‘బారిష్టరు పార్వతీశం’, నండూరి రామమోహనరావు గారు తెనిగించిన ‘టామ్ సాయర్’ పట్టుకుపోతారు. మహీధర నళినీమోహన్ గారి సైన్సు పుస్తకాలు, ఒకప్పుడు మాస్కోలో తెలుగులో అచ్చయి వచ్చిన రష్యన్ పిల్లల కథలు కూడా ఆ పెట్టెల్లో ఉన్నాయి. అట్టలు ఊడినవాటికి బ్రౌన్ పేపరు అట్ట వేసి, పేరు సిరాతో రాశారు.

బీరువాకు ఎందుకు తాళం?

అదే గదిలో ప్రభుత్వ పుస్తకాలున్న ఇనుప బీరువాలు కూడా ఉన్నాయి. వాటికి మాత్రం తాళాలు వేలాడుతుంటాయి. ఇందులో ఆయన తప్పేమీ లేదు. స్కూలుకు వచ్చిన ప్రతి పుస్తకమూ స్టాకు రిజిస్టరులో నెంబరుతో ఎక్కుతుంది. బదిలీ మీద వెళ్ళేటప్పుడు ఆ నెంబర్లన్నీ లెక్క చూపి చార్జి అప్పగించాలి. తగ్గిన పుస్తకానికి సంజాయిషీ చెప్పుకోవలసింది, చివరకు సొమ్ము కట్టవలసింది చార్జిలో ఉన్న మనిషే. లైబ్రేరియన్ లేని బడుల్లో ఆ భారం ఏదో ఒక టీచరు మీద పడుతుంది. పిల్లలకిచ్చి పోగొట్టుకునే కన్నా తాళం వేసుకుంటే నిశ్చింత కదా అనుకుంటారు. ఆ విధంగా చదవడానికి వచ్చిన పుస్తకాలు చెదలకు ఆహారమవుతున్నాయి.

తన స్వంత పుస్తకాలకైతే ఆడిట్ లేదు, రికవరీ లేదు, పోతే తనవే పోతాయి అన్నది ఆయన లెక్క. ఆ ధైర్యంతోనే ఇంటి నుంచి సైకిలు మీద కొన్ని కొన్ని చొప్పున తెచ్చి పెట్టెలు నింపారు. ఇంట్లో ఇల్లాలు మొదట అభ్యంతరం చెప్పిన మాట నిజమేనట. ఇప్పుడు చిరిగిన పుస్తకాలకు సూదీ దారంతో కుట్లు వేసేది ఆమే.

జరిమానా లేదు, కథ చెప్పాలి

ఇక్కడి నిబంధనలు మూడే. చేతులు కడుక్కోవాలి. కాగితం మడవకూడదు. చదివిన తర్వాత వెనుక ఖాళీ పేజీలో తమ పేరు రాయాలి. కొన్ని పుస్తకాల వెనుక పేజీ నిండిపోయి, వేరే కాగితం అంటించవలసి వచ్చింది. పుస్తకం పోగొట్టిన పిల్లవాడికి జరిమానా వేయరు. అయితే అందులోని కథను వరండాలో నలుగురి ముందు చెప్పాలి. పుస్తకం పోయినా కథ మిగలాలి కదా అంటారు మాష్టారు.

పోయినవీ ఉన్నాయి. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడినప్పుడు పిల్లల ఇళ్ళలో ఉండిపోయిన పుస్తకాల్లో కొన్ని తిరిగి రాలేదు. రాదనుకున్నది వచ్చిన సందర్భమూ ఉంది. మిరపకాయల కోతకు తల్లిదండ్రులతో పల్నాడు వెళ్ళిన ఒక అమ్మాయి వెంట ఒక చందమామ బైండు కూడా వెళ్ళింది. కోతలు ముగిసి తిరిగి వచ్చేసరికి దాని అంచులు ఎర్రబడ్డాయి. తెరిస్తే తుమ్ములు వచ్చేవట. రాత్రిళ్ళు గుడిసెల ముందు ఆ పిల్ల చదువుతుంటే, అక్షరం రాని ఆడవాళ్ళంతా చుట్టూ కూర్చుని విన్నారట. ఆ పుస్తకాన్ని మాష్టారు ఇంకా దులపలేదు.

ఈ గడ్డకు కొత్త కాదు

పుస్తకాన్ని మనిషి దగ్గరకు తీసుకువెళ్ళడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. ఆ ఉద్యమంలో అయ్యంకి వెంకటరమణయ్య గారు ముందు నిలిచారు. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపించారు. పడవకు తాళం వేసి ఉంటే ఆ పుస్తకాలు ఎవరు చదివేవారు? 1960లో వచ్చిన గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున ప్రజలు గ్రంథాలయ పన్ను కడుతున్నారు. పుస్తకం కోసం సొమ్ము ఇస్తున్న ఊళ్ళో బడి పిల్లవాడికి పుస్తకం అందకపోవడం న్యాయం కాదు.

తరువాత ఏమిటి?

ఆయన పదవీ విరమణ దగ్గర పడింది. పెట్టెలు ఇంటికి తీసుకుపోతే పిల్లలకు లేకుండా పోతాయి. బడికి దానంగా రాసిస్తే రిజిస్టరుకెక్కి, నెంబరు పడి, అవి కూడా బీరువాలోకి చేరతాయి. ఈ రెండూ ఇష్టం లేక ఆయన ఎటూ తేల్చుకోలేకుండా ఉన్నారు. పెట్టెలను పదో తరగతి పిల్లల సంఘానికి అప్పగించి, ఏటా కొత్త తరగతికి చేతులు మార్చాలన్న ఆలోచన ఉంది. హెడ్మాష్టరు గారు కూడా సుముఖంగానే ఉన్నారు.

అధికారులు తలచుకుంటే అసలు చిక్కే తీరిపోతుంది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళిలో 215వ నియమం ఏడాదిలో వెయ్యి పుస్తకాలు చదువరులకు ఇస్తే ఐదు పోవడం సహజమేనని ఒప్పుకుంటున్నది. నిర్లక్ష్యం గాని, మోసం గాని ఉండకూడదు. వెయ్యి రూపాయలు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఇటువంటి భరోసా మన బడులకూ ఇచ్చి, ఆ సంగతి ప్రతి హెడ్మాష్టరుకూ తెలియజేస్తే ఎన్నో బీరువాలు తెరుచుకుంటాయి.

ఈ విలేఖరి తిరిగి వస్తుండగా ఒక కుర్రవాడు పరుగున వచ్చి పెట్టెలో చెయ్యి పెట్టాడు. గంట కొట్టేశారురా, రేపు తీసుకో అన్నారు మాష్టారు. రేపటికి ఎవరైనా పట్టుకుపోతారు సార్ అంటూ వాడు పుస్తకం చొక్కాలో దోపుకుని క్లాసుకు పరుగెత్తాడు. మాష్టారు వాడి పేరు నోటుబుక్కులో రాసుకుని పెట్టె గడియ పెట్టారు.