నాంపల్లిలో దిగే పల్లె సాయిబులు ఏ లెక్కలో ఉన్నారు?

తాండూరు వైపు నుంచి వచ్చే రైలు నాంపల్లి స్టేషన్‌లో ఆగినప్పుడు ఒక అరగంట అక్కడ నిలబడి చూడండి. భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ సంచి, సంచిలో మడతలు పెట్టిన కాగితాలు. దిగినవారిలో కొందరు యూసుఫైన్ దర్గా వైపు నడుస్తారు. కొందరు హజ్ హౌస్ మెట్లెక్కుతారు. పని వెతుక్కునే కుర్రవాళ్లు అబిడ్స్ దారి పడతారు. వీరిలో సాయిబులు చాలామంది. అయితే వీరు నవాబుల మనవలు కారు. మన పక్క చేలో కంది కోసేవారు, గనిలో రాయి కొట్టేవారు.

రైతు సమస్యల శీర్షికలో ముస్లింల జనాభా సంగతి ఎందుకని కొందరు పాఠకులు అడగవచ్చు. అడగాలనే మా కోరిక. ముస్లిం అనగానే చార్మినారు, బిర్యానీ, నవాబు గుర్తుకు రావడం మనకు అలవాటైపోయింది. పల్లెలో సాయిబు ఉన్నాడనీ, అతనికి భూమి సమస్య ఉన్నదనీ రైతు సంఘాల సభల్లో కూడా ఎంత అరుదుగా వింటున్నాం!

2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి తెలంగాణ జిల్లాల్లో ముస్లింలు 44 లక్షల 60 వేలకు పైగా ఉన్నారు. అంటే నూటికి పన్నెండున్నర మందికి పైమాటే. ఇందులో హైదరాబాదు జిల్లాలో ఉన్నది 17 లక్షల 13 వేలు. ఆ జిల్లా జనాభాలో వారు నూటికి 43 మంది. సరే, మిగిలిన 27 లక్షల పైచిలుకు మంది ఎక్కడున్నారు? నగర శివార్లను, జిల్లా పట్టణాలను తీసేసినా లక్షలాది మంది పల్లెల్లోనే తేలుతారు. 2021లో జరగవలసిన లెక్కలు ఆ ఏడు జరగనేలేదు. కాబట్టి పదేళ్ల తర్వాత మార్పు ఎలా ఉందో ఆ దారిన తెలుసుకునే వీలు లేకపోయింది.

సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికలో ఒక సంగతి మన శీర్షికకు నేరుగా సంబంధించినది. దేశంలో పని చేసేవారిలో నూటికి 58 మంది వ్యవసాయం మీద బతుకుతుంటే, ముస్లిం శ్రామికుల్లో అలా బతికేవారు నూటికి 40 మంది లోపే. దీన్ని చూసి "వాళ్లకు వ్యవసాయం ఇష్టముండదు" అనేవారున్నారు. ఇష్టానికీ దీనికీ ఏమి సంబంధం? కాళ్ల కింద భూమి లేనివాడు చేతిపనికి పోతాడు. ఆ పని పోతే రైలెక్కుతాడు.

అబిడ్స్ పేరు వెనక కథ చాలామందికి తెలిసిందే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర పనిచేసిన ఆల్బర్ట్ ఆబిడ్ అనే ఆర్మీనియా యూదు ఇక్కడ దుకాణం పెట్టాడు. జాగీరుదార్ల ఇళ్లకు కావలసిన విదేశీ సరుకు అక్కడ దొరికేది. ఆ సరుకుకు డబ్బు ఎక్కడిది? పల్లెల్లో వసూలైన శిస్తుదే. శిస్తు కట్టినవారిలో హిందువులూ ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు. దండుకున్నవారిలో నవాబులూ ఉన్నారు, దేశ్‌ముఖులూ ఉన్నారు. కామారెడ్డిగూడెం షేక్ బందగీ తన భూమి కోసం కోర్టుకెక్కి నెగ్గి, విసునూరు దేశ్‌ముఖ్ గూండాల చేతిలో చనిపోయాడు. ఆయన కథ మీదనే "మా భూమి" నాటకం పుట్టింది. తెలంగాణ రైతాంగ పోరాటం తలచుకునేటప్పుడు ఆ పేరు చెబుతాం, దండ వేస్తాం. బందగీ వంటి సాయిబులకు ఆ తర్వాత ఎంత భూమి దక్కిందని మాత్రం లెక్క తీయలేదు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. అది జరగవలసిన పనే, రెండో మాట లేదు. జాగీరుదారుకు పరిహారం వచ్చింది. అతని దేవిడీలో వంట చేసినవాడికి, గుర్రానికి దాణా పెట్టినవాడికి, కచేరీలో రాసినవాడికి ఏమీ రాలేదు. 1948 తర్వాత మరాఠ్వాడా, బీదరు పల్లెల్లో భయపడి ఇల్లూ చేనూ విడిచి నగరం చేరిన ముస్లిం కుటుంబాలు వీరికి తోడయ్యాయి. నగరంలో ముస్లిం పేదరికాన్ని చూసినప్పుడు అందులో సగం పల్లె నుంచి వచ్చిందే అని గుర్తు పెట్టుకోవాలి.

"ముస్లిం" అనే ఒక్క గంపలో అందరినీ వేసి లెక్కపెడితే ఏమవుతుందో న్యాయస్థానాల్లో చూశాం. 2004లో ఒకసారి, 2005లో ఒకసారి ముస్లింలందరికీ కలిపి 5 శాతం రిజర్వేషన్ ఇవ్వబోతే హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. ఆ తర్వాత పి.ఎస్. కృష్ణన్ చేత అధ్యయనం చేయించి, 2007లో వెనకబడిన తెగలను పేరుపేరునా గుర్తిస్తూ 4 శాతంతో బీసీ-ఇ చట్టం తెచ్చారు. సయ్యదులు, పఠానులు, మొగలులు, అరబ్బులు, ఇరానీలు, బోహ్రాలు వంటివారు అందులో లేరు. ఈ చట్టాన్నీ హైకోర్టు కొట్టేసింది. 2010 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు మీద అది నడుస్తూ వచ్చింది. 2017 ఏప్రిల్‌లో నాంపల్లిలోనే ఉన్న శాసనసభ దాన్ని 12 శాతానికి పెంచే బిల్లు పాస్ చేసింది. అది అమలుకు రాలేదు.

ఆ 2007 జాబితాను ఒకసారి చదవండి. అత్తరు సాయిబులు, తురక చాకలి, హజాం, ఖసాబ్, ఫకీరు, గారడీ సాయిబులు, ఎలుగును ఆడించే గుడ్డి ఎలుగువాళ్లు, రాళ్లు కొట్టే తురక కాశ, వారిలోనే తిరగళ్లకు కక్కు కొట్టే సాయిబులు. ఇది ఊరి జాబితా కాదా? తిరగలి మొద్దుబారితే కక్కు కొట్టించుకోని ఇల్లు ఒకప్పుడు లేదు. పిండిమర వచ్చింది, తర్వాత మిక్సీ వచ్చింది, కక్కు కొట్టేవాడి ఉలి మూలపడింది. ఎలుగును ఆడించడం చట్టం ఆపింది. మంచిదే, కాని ఆడించినవాడికి అరెకరం చూపించినవారు లేరు. దూదేకులవారు ఈ జాబితాలో కాదు, అంతకు ముందు నుంచీ బీసీ-బిలో ఉన్నారు. ముస్లిం మెహతర్ ఊరి చెత్త ఎత్తినా షెడ్యూల్డు కులం కాడు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఆ తలుపు హిందువులకే తెరిచింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తెరిచారు, ముస్లింలకు తెరవలేదు.

2024 చివర తెలంగాణలో జరిగిన కుటుంబ సర్వే ఈ గంపను కొంత విప్పింది. 2025 ఫిబ్రవరిలో ప్రకటించిన లెక్క ప్రకారం రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతం, ఇతర ముస్లింలు 2.48 శాతం. అంటే ప్రతి ఐదుగురు ముస్లింలలో నలుగురు వెనకబడిన తెగలవారే. నవాబు బొమ్మ ఇక్కడే పగిలిపోతుంది. సర్వేలో భూమి, అప్పు వివరాలు కూడా అడిగారు. ఆనాడు ప్రకటించినవి మాత్రం జనం మొత్తాలే. ఈ బీసీ ముస్లింలలో పట్టాదారులెందరు, కౌలుదార్లెందరు, కూలీలెందరు అన్నది మండలాలవారీగా బయట పెట్టాలని మేము అడుగుతున్నాం. అది లేకుండా రైతు పథకం ఏదైనా ఎవరికి అందిందో ఎలా తేలుతుంది?

హజ్ హౌస్ ఎదుట టీ కొట్టు దగ్గర మాకు ఒక ముసలాయన కలిశాడు. తాండూరు అవతలి ఊరు. మనవడి లోను కాగితాల కోసం వచ్చాడు.

"మా తాత దూది ఏకేటోడు బిడ్డా. మా నాయిన పరుపులు కుట్టిండు. మిషిన్లొచ్చినంక అది పోయింది. నేను కంది చేను కౌలుకు చేస్తున్న."

"ఎన్నెకరాలు తాతా?"

"ఆరు. పాసుబుక్కు పటేలు పేరు మీద ఉన్నది. రైతుబంధు పైసలు ఆయనకే పడ్డయి. వాన కొట్టి పూత రాలితే నష్టం నాది."

2018లో రైతుబంధు మొదలైనప్పుడు కౌలుదార్లను లెక్కలోకి తీసుకోలేదు. ఈ శీర్షికలో దాని గురించి ఎన్నోసార్లు రాశాం. ముసలాయన బాధ ఆ విషయంలో పక్క చేలోని మాల రైతు బాధే, బోయ రైతు బాధే. తేడా ఒక్కటుంది. వారిని రైతులని ఊరు ఒప్పుకుంటుంది.

ఇంట్లో ఇంకో చిక్కు. ఆయనది దూదేకుల, బీసీ-బి. కోడలు పుట్టింటివారు షేకులు, బీసీ-ఇ. మనవడి బడి కాగితంలో ఎవరో పేరుకు ముందు "షేక్" అని చేర్చారు. ఇప్పుడు వాడు ఏ కులమో తేల్చుకోవడానికి మూడుసార్లు తిరిగారట. తిరిగినప్పుడల్లా ఒక రోజు కూలి, రానుపోను ఖర్చు.

ఆయనకు చదువు రాదు. ఊళ్లో కంప్యూటరు దుకాణం కుర్రవాడు నింపిన దరఖాస్తు మా చేతికిచ్చి, ఏమి రాశాడో చదివి పెట్టమన్నాడు. పేరు, ఊరు, వయసు సరిగానే ఉన్నాయి. వృత్తి అన్నచోట "కూలీ" అని ఉంది.

"కూలీ అని ఎందుకు రాసిండు బిడ్డా? రైతు అని చెప్పిన గద."

దిద్దడానికి పెన్ను తీశాం. దిద్దితే కాగితం చెల్లదేమో అని ఆయనే వద్దన్నాడు. మడిచి సంచిలో పెట్టుకుని, సాయంత్రం బండి దొరకదేమోనని తొందరగా లోపలికి వెళ్లాడు.