స్కాండినేవియా పురాణగాథలందలి జంతునామములు

ఉత్తర ఐరోపా పురాణగాథలను చదువువారికి దేవతలకంటె ముందుగా స్మృతిలో నిలుచునవి వారి జంతువులు. వానిలో పెక్కింటికి పేళ్లు కలవు. ఆ పేళ్లను పట్టికగా కూర్చుట సులభమే. కాని యే పేరు ఏ గ్రంథమున నున్నదో విచారింపక కూర్చిన పట్టికవలన లాభముకంటె నష్టమే యెక్కువ.

మనకు ముఖ్యాధారములు రెండు. ఒకటి, 1270 ప్రాంతమున ఐస్‌లాండులో చర్మపత్రములపై వ్రాయబడిన ప్రాచీనగీతముల సంపుటి. దీనిని పద్య ఎడ్డా యందురు. రెండవది, స్నోరి స్టుర్లుసన్ (1179–1241) 1220 ప్రాంతమున రచించిన గద్య ఎడ్డా. ఐస్‌లాండు క్రైస్తవమును స్వీకరించి యప్పటికి రెండు శతాబ్దములు దాటినది. యువకవులకు పూర్వుల కవితాపరిభాషను నేర్పుటకై స్నోరి తన గ్రంథమును కూర్చెను. ఆయన యీ దేవతలకు భక్తుడు కాడు, లాక్షణికుడు. ఈ సంగతిని మరవరాదు.

ఓడిన్ భుజములపై వ్రాలు మాలకాకులు రెండు: హుగిన్, మునిన్. మొదటిదానికి ఆలోచన యనియు, రెండవదానికి స్మృతి యనియు అర్థము చెప్పుట వాడుక. మునిన్ అను పేరునకు మూలమైన క్రియాపదము సంస్కృతమునందలి 'మన్' ధాతువునకు సగోత్రము. మన 'మనస్సు' పుట్టినది ఆ ధాతువునుండియే. అవి ప్రతిదినము లోకమంతయు తిరిగి వచ్చును. గ్రిమ్నిస్మాల్ అను గీతమున ఓడిన్ తన భయమును దాచుకొనడు. హుగిన్ తిరిగి రాదేమో యను శంక ఆయనకు కలదు. మునిన్ విషయమున ఆ శంక మఱింత అధికము. జ్ఞానమునకై ఒక కంటినే యిచ్చివేసిన దేవుడు, ఆలోచన పోవుటకంటె జ్ఞాపకము పోవుటకు ఎక్కువ వెఱచుచున్నాడన్నమాట. వ్రాత కెక్కక నోటినుండి నోటికి సాగిన కవిత్వమునకు ఇంతకంటె తగిన భయము వేఱొకటి యుండునా?

ఆయన తోడేళ్లు గేరి, ఫ్రెకి. రెండు పేళ్లకును తిండిపోతు అనియే అర్థము. వీరస్వర్గమున దినదినము వండబడి సాయంకాలమునకు మరల బ్రతుకు పంది సేహ్రిమ్నిర్, వంటవాడు అందహ్రిమ్నిర్, వండు కడవ ఎల్దహ్రిమ్నిర్. మూడింటి చివరను మసి యను అర్థము గల పదమే యున్నది. ఇది కవి చమత్కారమే కాని మతరహస్యము కాదని నా యభిప్రాయము.

ఎనిమిది కాళ్ల గుఱ్ఱమైన స్లెయిప్నిర్ విషయము వేఱు. దేవతల కోటగోడను కట్టుటకు వచ్చిన రాక్షసుని గుఱ్ఱము స్వాదిల్ఫారి. పని గడువులోపల పూర్తియగునేమో యని దేవతలు భయపడగా, లోకి ఆడుగుఱ్ఱమై దానిని అడవిలోనికి మరలించెను. తరువాత స్లెయిప్నిర్‌ను తానే కనెను. వివరమైన కథ స్నోరి చెప్పినది. గుఱ్ఱము మాత్రము ఆయనకు చాల పూర్వపుది. స్వీడను దేశపు గాట్లండు ద్వీపమున త్యాంగ్విడె యనుచోట దొరకిన వైకింగుల కాలపు శిలపై ఎనిమిది కాళ్ల గుఱ్ఱము చెక్కబడి యున్నది. అది స్లెయిప్నిరే యని పెక్కుమంది పండితుల మతము.

ఇగ్ద్రసిల్ అను విశ్వవృక్షముపై రతతోస్క్ అను ఉడుత పైకిని క్రిందికిని పరుగెత్తుచు, కొమ్మలపైనున్న గ్రద్దకును వేళ్లను కొఱుకు నీథ్హోగ్ అను సర్పమునకును నడుమ కొండెములు మోయుచుండును. ఉడుతకు పేరున్నది, సర్పమునకు పేరున్నది. ఎంతో తెలిసినదని స్నోరి మెచ్చిన గ్రద్దకు పేరు లేదు! దాని కన్నుల నడుమ కూర్చున్న డేగకు వేద్రఫోల్నిర్ అను పేరు కలదు. అదియు స్నోరి గ్రంథముననే. కనుక పేరు గొప్పతనమునుబట్టి వచ్చినది కాదు. ఆ చెట్టు చిగుళ్లను మేయు నాలుగు దుప్పులలో రెండింటి పేళ్లు, దాయిన్, ద్వాలిన్, మఱియొకచోట మరుగుజ్జుల పేళ్లుగా కూడ కనబడుచున్నవి.

థార్ రథమును లాగు మేకల పేళ్లను చెప్పినవాడును స్నోరియే. ఫ్రేయా రథమును లాగు పిల్లులకో, రెండు ఎడ్డాలలోను పేళ్లు లేవు. నేటి పట్టికలలో వానికి పేళ్లు కనబడిన యెడల, అవి ఆధునికుల కల్పనలని గ్రహింపవలెను.