గీజరు పొగకి దారేది?

చలికాలం మొదలైందంటే మనకి సగం పొద్దు వేణ్నీళ్ళ దగ్గరే సరిపోతుంది. కరెంటు బిల్లుకి భయపడి చాలామంది గ్యాస్ గీజరు పెట్టించుకున్నారు. పంపు తిప్పగానే వేడినీళ్ళు, హాయే మరి. కానీ ఆ గీజరు మీ ఇంట్లో ఎక్కడుంది? బాత్‌రూం లోపలి గోడకే ఉంటే మాత్రం ఇది పూర్తిగా చదివాకే మళ్ళీ వెలిగించండి.

మన అమ్మమ్మల కాలంలో రాగి బాయిలరు పెరట్లో ఉండేది. దాని గొట్టంలోంచి పొగ నేరుగా ఆకాశంలోకి పోయేది. బాలింత గదిలో కుంపటి పెట్టినా పెద్దవాళ్ళు కిటికీ రెక్క ఒకటి తీసి ఉంచమనేవారు. గ్యాస్‌కి పొగ కనబడదు కాబట్టి ఆ జాగ్రత్త మనం మరిచిపోయాం.

గీజరు చూడ్డానికి చిన్న పెట్టెలా ఉంటుంది గానీ దాని ఆకలి పెద్దది. నిమిషానికి ఐదారు లీటర్లు కాచే గీజరంటే, వంటింట్లో నాలుగు పెద్ద పొయ్యిలు ఒక్కసారి మండినట్టే. ఐదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న బాత్‌రూం తలుపేసి, వెంటిలేటరు మూసేసి గీజరు వెలిగిస్తే, పది నిమిషాల్లో ఆ గదిలోని గాలిలో సుమారు ఐదో వంతుకి సరిపడా ప్రాణవాయువుని అది తినేస్తుంది. గాలి చాలకపోతే గ్యాసు సరిగ్గా కాలదు. గిన్నె అడుగున మసి పట్టినప్పుడు పొయ్యి మంట పసుపుగా ఉండటం మీరు చూసే ఉంటారు, అదే తంతు. అప్పుడు పుట్టేదే కార్బన్ మోనాక్సైడ్.

సిలిండరు లీకైతే వాసన వస్తుంది కదా అంటారేమో. ఆ వాసన మనకి తెలియడం కోసం గ్యాసులో కలిపినది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. మన రక్తం ఆక్సిజన్ని పట్టుకునే దానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది. ముందు తల దిమ్ముగా ఉంటుంది, వికారం, కాళ్ళు తేలిపోవడం. గడియ తీద్దామనుకునేలోపే పడిపోయేవాళ్ళున్నారు. డాక్టర్లు దీన్ని గ్యాస్ గీజర్ సిండ్రోమ్ అంటారు. ఫిట్స్ వచ్చాయనుకుని పొరబడటం కూడా జరుగుతుంటుంది.

ఇందులో ఎక్కువ ప్రమాదం ఎవరికో ఆలోచించారా? భోగినాడు పిల్లలందరికీ వరసగా తలంటి పోసేది మనమే. ఒక్కొక్కళ్ళూ పది నిమిషాల్లో బయటికొచ్చేస్తారు, మనం గంటసేపు అందులోనే ఉంటాం. చలిగాలి అని వెంటిలేటరు గాజు రెక్కలకి అట్టముక్క అడ్డం పెట్టేదీ మనమే!

గీజరు ఉండాల్సింది బాత్‌రూం బయట, గాలి ఆడే చోట. వేడినీళ్ళ పైపొకటి లోపలికి వస్తే చాలు. ఫ్లాట్లలో వంటింటి వెనక వాష్ ఏరియా దానికి బాగుంటుంది. కాకపోతే ఇక్కడా ఒక తిరకాసుంది. మా అపార్ట్‌మెంట్లో ఒకావిడ పావురాల బాధ పడలేక వాష్ ఏరియాకి నిండా అద్దాల తలుపులు బిగించుకుంది. అక్కణ్ణించి ఆవిడకి రోజూ పొద్దున టిఫిన్ల వేళకి తలనొప్పి. పైత్యమనుకుని శొంఠి కషాయం తాగింది. పుట్టింటికి వెళ్తే మాయం, తిరిగొస్తే మళ్ళీ మొదలు. గీజరు పొగంతా ఆ అద్దాల గదిలో నిండి వంటింట్లోకి వస్తోందని గీజరు బాగుచెయ్యడానికి వచ్చిన కుర్రాడు చెప్పేదాకా ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు అద్దాలు తీయించి వల కట్టించుకుంది. పావురాలకి వల చాలు, గాలి ఆగదు. ఇంట్లో ఎక్కడికి వెళ్ళినా పోని తలనొప్పి వేరు, ఇల్లు దాటితే పోయే తలనొప్పి వేరు. ఈ రెండోదాన్ని తేలిగ్గా తీసుకోకండి.

బయట అంత చోటు లేకపోతే పొగగొట్టం ఉన్న రకం కొనాలి. బయటి గాలే తీసుకుని, పొగని బయటికే పంపే రకం ఇంకా మేలు. గొట్టం ఎక్కువ వంకరలు లేకుండా తెరిచిన చోటికి పోవాలి. బాత్‌రూముల వెంటిలేటర్లన్నీ తెరుచుకునే డక్టులోకి వదిలితే మన పొగ పై ఫ్లాటు వాళ్ళ బాత్‌రూంలోకి పోతుంది. అతుకులు వదులైనా, గొట్టంలో పిట్టలు గూడు పెట్టినా పొగ వెనక్కి తిరుగుతుంది. ఏడాదికోసారి, చలికి ముందే తెలిసిన మెకానిక్కు చేత చూపించండి. వంటింటి చిమ్నీ గానీ ఎగ్జాస్ట్ ఫాను గానీ కిటికీలన్నీ మూసి వేస్తే, ఆ లాగుడికి గొట్టంలోని పొగ ఇంట్లోకే వస్తుంది. ఫాను ఉంది కదా అని ధీమా వద్దు. పైపు గ్యాసు కొత్తగా వచ్చిన ఇళ్ళల్లో సిలిండరు గీజర్ని ఎలా ఉన్నదాన్నలా దానికి తగిలించకూడదు.

అద్దె ఇల్లు, గోడకి కన్నం పెట్టనివ్వరంటారా? గీజరు మార్పించే దాకా వాడకపోవడమే మంచిది. పొయ్యి మీద కాచుకున్నా, కరెంటు గీజరు వాడుకున్నా సరే. వాడక తప్పని రోజున తలుపూ, వెంటిలేటరూ బార్లా తీసి బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసి, కాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు స్నానానికి వెళ్ళండి. పిల్లలకి గడియ వేసుకోవద్దని చెప్పండి. కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టి మోగే అలారాలు అమెరికాలో చాలా ఇళ్ళల్లో ఉంటాయి. అక్కణ్ణించి పిల్లలు ఏం తేవాలని అడిగితే చాక్లెట్లకి బదులు అదొకటి తెమ్మనండి.

ఎవరైనా లోపల పడిపోతే ముందు తలుపు తెరిచి, వాళ్ళని బయటి గాలిలోకి లాగి, గీజరు ఆపండి. 108కి ఫోను చెయ్యండి. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్ళాలి, ఆక్సిజన్ పెట్టాల్సి ఉంటుంది. కరోనా రోజుల్లో కొన్న, వేలికి తగిలించే ఆక్సీమీటరు ఇంట్లో ఉంది కదా, అందులో 98 చూపించినా నమ్మకండి. ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా దానికి తెలియదు. డాక్టరు అడగక ముందే గ్యాస్ గీజరు వెలుగుతోందన్న మాట మీరే చెప్పండి.