అట్టమీది రహస్యము – చేతి అచ్చుల కార్డులు

పండుగకును, పుట్టినదినమునకును, పెండ్లిరోజునకును శుభాకాంక్షలు నేడు ఫోనులో వచ్చుచున్నవి. ఒకే పువ్వు, ఒకే దీపము, ఒకే వాక్యము నూఱిండ్లకు పోవుచున్నది. పంపినవారి పేరు తెలియును. చేసినవా రెవరో తెలియదు. చూచిన మఱుక్షణముననే మఱచిపోవుటయు మన కలవాటైనది. ఇట్టి కాలమున చేతితో కోసి, చేతితో మడిచి, చేతితో అచ్చు వేసిన యొక కార్డు ఇంటికి వచ్చినచో దానిని పాఱవేయుటకు మనసొప్పదు. ఎవరో తమ మధ్యాహ్నపు గంట నొకదానిని మనకొఱకు వెచ్చించినారని అది సాక్ష్యము చెప్పును.

సోదరీమణులారా, అట్టి కార్డులు చేయుటకు చిత్రలేఖనము నేర్చియుండవలెనని భయపడకుడు. మనకు మంచి గురువు లున్నారు. వారే పాత అపరాధ పరిశోధక నవలల అట్టలు. చౌకధరకు లక్షలకొలది ప్రతులు అమ్మవలసిన పుస్తకము లగుటచే వాని ముఖచిత్రములను రెండు మూడు రంగులతోనే తీర్చెడివారు. ఒక తాళపు చెవి, ఒక నీడ, చీకటి యింటిలో వెలుగుచున్న యొక కిటికీ, ఇంతే బొమ్మ. నలువది రేకుల తామరను రబ్బరుపై చెక్కుట కష్టము. తాళపు చెవిని చెక్కుట పదిమిషముల పని. కావున ఆ యట్టల పద్ధతి చేతి అచ్చుకు చక్కగా అమరును.

ఆ అట్టల చరిత్రయు తెలిసికొనదగినది. ఇటలీదేశమున మిలాను నగరపు మొందదోరీ వారు 1929లో పసుపుపచ్చని అట్టలతో అపరాధ పరిశోధక నవలల నచ్చువేయ నారంభించిరి. ఆ రంగు ఎంత ప్రసిద్ధి కెక్కినదనగా, వారి భాషలో పసుపు అని యర్థమిచ్చు ‘జాల్లో’ అను మాట డిటెక్టివు కథకే పేరై నిలిచినది. ఇంగ్లండులో 1935లో పెంగ్విను పుస్తకములు ఆఱు పెన్నీల ధరకు వెలువడినవి. వానిలో సామాన్యమైన నవలకు నారింజరంగు, జీవితచరిత్రకు నీలము, నేరపరిశోధనకు ఆకుపచ్చ నిర్ణయించిరి. పైన రంగుపట్టీ, క్రింద రంగుపట్టీ, నడుమ తెల్లపట్టీలో పేరు. బొమ్మయనగా చిన్న పక్షి యొక్కటియే. అమెరికాలో డెల్ అను సంస్థవారు 1940 దశకమున తాళపురంధ్రములో నుండి చూచుచున్న కంటిని తమ మిస్టరీ నవలలకు గుఱుతుగా పెట్టుకొని, వెనుక అట్టపై కథ జరిగిన యింటి పటమును ముద్రించిరి. మన తెలుగునాట కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివు యుగంధరుని ఎఱుగని చదువరులు ఒకప్పుడు అరుదు. పాఠ్యపుస్తకముల నడుమ దాచి చదివిన ఆ నవలల అట్టలు మీ ఇంటి అటుకమీద నుండినచో క్రిందికి దింపి యొకసారి పరికింపుడు.

పరికించినచో మూడు సంగతులు తోచును. మొదటిది, అట్ట ప్రశ్న వేయునే గాని ప్రత్యుత్తర మీయదు. రెండవది, చూపిన వస్తువు ఒక్కటియే. చుట్టును ఖాళీ ఎక్కువ. మూడవది, రంగులు తక్కువయైనను వెలుగునకును చీకటికిని భేదము గట్టిగా నుండును. కార్డు చేయువారికి ఈ మూడును చాలును. కార్డునకు మడత యున్నది గదా! వెలుపల ప్రశ్న, లోపల సమాధానము. పుస్తకమున రెండువందల పుటలు తిరుగవేసినగాని తెలియని సంగతి ఇచట ఒక్క మడత విప్పగానే తెలియును.

ఇక పనిలోనికి వత్తము. మందమైన డ్రాయింగు కాగితము, పిల్లలు వాడు పెద్ద రబ్బరు, మెత్తని పెన్సిలు, పదునైన బ్లేడు లేక పేపరు కట్టరు, నల్లని స్టాంపుప్యాడు, కొంచెము పసుపురంగు, ఇవి చాలును. ఎ4 కాగితమును అడ్డముగా రెండు సమభాగములు చేసినచో ఒక్కొక్కటి 210 మిల్లీమీటర్ల పొడవు, 148 మిల్లీమీటర్ల వెడల్పు గలిగి యుండును. దానిని మధ్యకు మడిచినచో 148 మిల్లీమీటర్లు పొడవును, 105 మిల్లీమీటర్లు వెడల్పును గల కార్డు సిద్ధమగును. ఇది ఇంచుమించు చిన్న నవల యట్టవలె నుండును. మందపు కాగితమును ఊరక మడిచినచో అంచు చిట్లును. కావున సిరా అయిపోయిన బాలుపెన్నుతో స్కేలు ప్రక్కన ఒక గీత గట్టిగా నొక్కి, పిదప మడువవలెను.

అచ్చు చెక్కుటలో ముఖ్యమైన సూత్ర మొక్కటి కలదు: అచ్చులో కుడి యున్నది కాగితముపై ఎడమ యగును. అక్షరములు చెక్కువారికి ఇది తెలియనిచో తలక్రిందులగును. దీనికి సులభోపాయము: పలుచని కాగితముపై మెత్తని పెన్సిలుతో బొమ్మను గీసి, గీసిన వైపును రబ్బరుపై బోరగిలవేసి, వెనుకనుండి గోటితో రుద్దుడు. బొమ్మ తిరుగబడి రబ్బరుపై దిగును. దాని ప్రకారము చెక్కి అచ్చు వేసినచో కాగితముపై సరిగానే పడును. గీతకు వెలుపలి భాగమును తీసివేయునపుడు బ్లేడును నిలువుగా గాక, గీతనుండి వెలుపలికి ఏటవాలుగా పట్టవలెను. అట్లు చేసినచో గీత క్రింద రబ్బరు మందముగా నిలిచి, నొక్కినపుడు వంగదు. బ్లేడు ఎల్లప్పుడును మీ చేతికి దూరముగా పోవునట్లు చూచుకొనుడు.

ఈ విద్య మనకు క్రొత్తదియు కాదు. కృష్ణాజిల్లాలోని పెడనయందు కలంకారీ వస్త్రములకై టేకుకొయ్యపై అచ్చులు చెక్కువారు తరతరములుగా చేయుచున్న పనియు నిదియే. గీతలకు ఒక అచ్చు, లోపలి రంగులకు వేఱొక అచ్చు. ఎన్ని రంగులో ప్రాయికముగా అన్ని అచ్చులు. మీరును కార్డుపై రెండు రంగులు కోరినచో రెండు రబ్బరులు చెక్కుడు. లేతరంగు ముందు వేసి, అది పూర్తిగా ఆరిన పిదప ముదురురంగు వేయుడు.

చిన్నపిల్లలకు బ్లేడు ఈయరాదు. వారికి వంటయింటి అచ్చులు చాలును. ముదురు బెండకాయను అడ్డముగా కోసి ప్యాడుపై అద్దినచో నక్షత్రము వచ్చును. ఉల్లిగడ్డను అడ్డముగా కోసినచో వలయము లోపల వలయము పడును. నూతిలో రాయి వేసినట్లుండు ఆ గుఱుతు రహస్యకథకు ఎంతయు తగియుండును. బంగాళాదుంపపై పెద్దలు తాళపు చెవిని చెక్కి ఈయవచ్చును. అయితే కూరగాయలలో నీరు ఊరుచుండును గనుక కోసిన ముఖమును గుడ్డతో అద్ది, తడి పోయిన పిదపనే రంగు పూయవలెను. అవి మఱునాటికి పనికిరావు.

ఇప్పుడు మూడు కార్డులు చెప్పెదను.

మొదటిది కిటికీ కార్డు. కార్డు ముఖముపై చీకటి యింటి నీడను నల్లగా అచ్చు వేయుడు. పెంకుటిల్లైనను మేడయైనను సరియే. ఒక్క రబ్బరు చాలనిచో అదే అచ్చును ప్రక్కప్రక్కన రెండు మూడుసార్లు వేసి ఇంటిని పెంచవచ్చును. ఆరిన పిదప కార్డును విప్పి, క్రింద అట్టముక్క నుంచి, ఒక్క కిటికీని మాత్రము కోసి తీసివేయుడు. మరల మూసి, ఆ రంధ్రముగుండ పెన్సిలుతో లోపలి పుటపై గుఱుతు పెట్టుడు. ఆ గుఱుతున్న చోట పసుపురంగు జ్వాలగల దీపమును అచ్చు వేయుడు. కార్డు మూసియున్నపుడు చీకటి యింటిలో ఎవరో మేలుకొని యున్నట్లు వెలుగు మాత్రమే కనబడును. విప్పగానే దీపమును, దాని ప్రక్క మీ మాటయు కనబడును. దూరదేశమున చదువుకొనుచున్న కుమార్తెకు, కొత్తకాపురమునకు పోయిన చెల్లెలికి ఇంతకంటె ఏమి చెప్పవలెను?

రెండవది పటము కార్డు. డెల్ వారి వెనుక అట్టవలె, కార్డు వెనుక మీ ఇంటి పటమును గీయుడు: వీధి అరుగు, నడవ, వంటయిల్లు, పెరటి నుయ్యి, పూజగది. అడుగుజాడల అచ్చు నొకదానిని చిన్నదిగా చెక్కి, ఒక గదినుండి వేఱొక గదికి పోవునట్లు వరుసగా వేయుడు. జాడలు ఆగినచోట పుట్టినరోజు కానుకను దాచుడు. ఆ దినమున పిల్లలు పట మును చేతబట్టి ఇల్లెల్ల గాలించు సందడి చూడవలసినదే. కానుక చిన్నదైనను వెదకి కనుగొన్న సంతోషము పెద్దది.

మూడవది వ్రేలిముద్ర కార్డు. దీనికి కొంత కథ కలదు. 1858లో వంగదేశమున విలియం హెర్షెల్ అను అధికారి యొక గుత్తేదారుచేత ఒడంబడికపై అరచేతి ముద్ర వేయించెను. తరువాత 1897లో కలకత్తాలో వ్రేలిముద్రల కార్యాలయము స్థాపింపబడెను. ఇట్టివానిలో ప్రపంచమున ఇదియే మొదటిదందురు. వేలకొలది ముద్రలలో కావలసినదానిని వెంటనే తీయుటకు ఒక పద్ధతి కావలసి వచ్చెను. దానిని రూపొందించుటలో అజీజుల్ హక్, హేమచంద్ర బోసు అను ఇరువురు భారతీయ ఉద్యోగులు విశేషముగా కృషిచేసిరి. కాని లోకమున ఆ పద్ధతికి వారి పై యధికారి పేరే నిలిచి, ‘హెన్రీ పద్ధతి’ యని వ్యవహారమైనది. ప్రతి మనుష్యుని గుఱుతును తప్పక పట్టియిచ్చు పద్ధతిని చేసినవారి గుఱుతే మఱుగుపడుట విచిత్రము గదా!

ఈ కార్డునకు మీ సొంత వ్రేలిముద్రను స్పష్టముగా వేయకుడు. నేడు వ్రేలిముద్రయే బ్యాంకు ఖాతాకు తాళపు చెవియైనది. పత్రములపై నున్న ముద్రలను నకలుచేసి సొమ్ము నపహరించిన మోసములు మన రాష్ట్రములలోనే బయటపడినవి. కావున రబ్బరును కోడిగ్రుడ్డు ఆకారమున కోసి, దానిపై ముగ్గు చుట్టలవలె వంకరగీతలు చెక్కుడు. ఆ చుట్టల నడుమ మీ పేరులోని మొదటి యక్షరమును ఇమిడింపుడు. తేఱిపాఱ చూచినగాని ఆ యక్షరము కనబడదు. వెలుపల ఈ ముద్రయు, ‘ఎవరు?’ అను ఒక్క మాటయు. లోపల మీ పూర్తి పేరును, ఆశీస్సును. ఇదే ముద్రను మీరు చేయు కార్డు లన్నిటి వెనుకను చిన్నదిగా వేయుట మంచిది. ఎందుకో చెప్పెదను.

1930లో అమెరికాలో నాన్సీ డ్రూ అను బాలిక కథానాయికగా పరిశోధక నవలలు వెలువడ నారంభించినవి. నీలపు అట్టపై భూతద్దము చేతబట్టి వంగి జాడ వెదకుచున్న కన్యక నీడబొమ్మ ఆ పుస్తకములకు గుఱుతు. ధైర్యమును బుద్ధియు గల ఆ పిల్లను చూచి ఎందఱో బాలికలు ముచ్చటపడిరి. అట్టపై రచయిత్రి పేరు కరొలిన్ కీన్. అట్టి స్త్రీ లేనే లేదు! ప్రకాశకులు ఇచ్చిన కథాసంగ్రహములనుబట్టి తొలి నవలలను వ్రాసినది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్ అను యువతి. మొదటి పుస్తకమునకు ఆమెకు ముట్టినది 125 డాలర్లు. హక్కులు వదులుకొని, ఆ కలముపేరు తనదని చెప్పకుండునట్లు ఆమె ఒడంబడిక వ్రాసి యిచ్చెను. మొదటి ముప్పది నవలలలో ఇరువదిమూడు ఆమె వ్రాసినవే. 1980లో ప్రకాశకుల నడుమ వ్యాజ్యము వచ్చి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చు దాక ఈ సంగతి లోకమునకు చక్కగా తెలియలేదు. ఏబది యేండ్లు జాడలు వెదకు పిల్లను సృష్టించిన యామె జాడయే ఎవరికిని తెలియకపోయెను.

ఈ కథ అమెరికాది కావచ్చును; సంగతి మన యింటిదే. మన అవ్వలు కుట్టిన బొంతలపై, అల్లిన తోరణములపై, గోడలపై తీర్చిన చిత్రములపై ఎవరి పేరున్నది? ఒకనాడు చదువురాని స్త్రీ పత్రముపై బొటనవ్రేలు అద్దినచో, ప్రక్కన పరులు ‘ఫలానివారి నిశాని’ యని వ్రాసెడివారు. ఆమె పేరును ఆమె వ్రాయలేదు. నేడు మనము వ్రాయగలము. అయినను చేసిన పనికి పేరు పెట్టుటకు సంకోచింతుము. ‘ఏదో ఊరక చేసితిని’ అందుము. ఆ సంకోచము మానుడు. చేసినవారి పేరు కార్డు వెనుక నుండవలెను. దానితోపాటు సంవత్సరమును వ్రాయుడు. ఏబది యేండ్ల తరువాత ఏ మనుమరాలో పెట్టె తెఱచి ఆ కార్డును చూచినపుడు, దీని నెవరు చేసిరని వెదకవలసిన పని యుండదు.

కథలో రహస్య ముండుట అందము. కార్డు వెలుపల నుండుటయు అందమే. చేసిన చేతి పేరు మాత్రము రహస్యముగా నుండవలసిన పనిలేదు. రాబోవు పండుగకు మూడు కార్డులైనను చేసి, మూడిటి వెనుకను మీ ముద్ర వేసి పంపుడు.