‘ఎక్కడ?’ అంటే జవాబుండాలి!
భద్రత సాఫ్ట్‌వేర్‌లో పనిచోట్ల జాబితాయే ప్రాణం... పేర్లు కలగాపులగమైతే అసలుకే ముప్పు

చెన్నై: 2014 జూన్‌ 28, శనివారం సాయంత్రం. పోరూరు సమీపంలోని మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలింది. 61 మంది చనిపోయారు. పొట్ట చేతపట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్లు వారిలో ఎందరో. శిథిలాల కింద ఎంతమంది ఉన్నారు? కూలే సమయానికి ఎవరు ఏ అంతస్తులో ఉన్నారు? మొదట్లో ఈ లెక్క తేలలేదు. వెతుకులాట రోజుల తరబడి సాగింది. లెక్క ఉన్నంత మాత్రాన ఆ భవనం నిలబడేది కాదు, నిజమే. కానీ వెతికేవాళ్లకు ముందుగా కావాల్సింది ‘ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబే.

ఇప్పుడు చెన్నై చుట్టుపక్కల పెద్ద కర్మాగారాలు, నిర్మాణ సంస్థలు చాలావరకు భద్రత లెక్కలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాయి. ప్రమాదాల నివేదికలు, తనిఖీలు, వెల్డింగ్‌ పర్మిట్లు, శిక్షణ వివరాలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి. అయితే అందులో మొట్టమొదట చేయాల్సిన పని ఒకటుంది. ఎవరికీ పెద్దగా పట్టని పని అది. పనిచోట్లను ఒక క్రమంలో నమోదు చేయడం!

చెట్టులాంటి అమరిక
ఒరగడంలో ఒక కర్మాగారం ఉందనుకుందాం. మొత్తం ఆవరణ చెట్టు మొదలు. అందులోని భవనాలు కొమ్మలు. అంతస్తులు, షెడ్లు రెమ్మలు. చివరన గది, యంత్రం, ట్యాంకు. ఒక్కో చోటుకు ఒక బాధ్యుడు ఉంటాడు. అక్కడున్న ప్రమాదం ఏమిటి, అగ్నిమాపక సిలిండర్లు ఎన్ని, తనిఖీ ఎప్పుడు చేయాలి... ఇవన్నీ ఆ చోటు పేరుకే ముడిపడి ఉంటాయి. భవనానికి ఒక నియమం పెడితే దాని కింది గదులన్నింటికీ అదే వర్తిస్తుంది. ఏ గదిలో వెల్డింగ్‌కు అనుమతి ఇస్తున్నారో నమోదు చేయగానే, పక్క గదిలో రసాయనాల డ్రమ్ములున్న సంగతి తెరపై కనిపించాలి. ఇదంతా సవ్యంగా నడవాలంటే చెట్టు సరిగ్గా ఉండాలి.

ఒకే చోటు... మూడు పేర్లు
చిక్కంతా పేర్ల దగ్గరే వస్తుంది. కాగితంలో ‘షాపు-2’. సూపర్‌వైజర్‌ నోట ‘పెయింట్‌ షాపు’. కూలీల మాటలో ‘కొత్త షెడ్డు’. అదే చోట ముగ్గురు జారిపడి దెబ్బలు తగిలించుకున్నారనుకోండి. ఒక్కొక్కరి ప్రమాదం ఒక్కో పేరు మీద నమోదవుతుంది. నెలాఖరున పై అధికారి చూస్తే మూడు చోట్ల మూడు చిన్న ప్రమాదాలు! అసలు సంగతి ఒకే చోట నేల జారుతోందని. అది ఎవరి కంటా పడదు. నాలుగోవాడు పడేదాకా బాగుచేసే నాథుడుండడు.

కొన్నిచోట్ల విభాగాల పేర్లతో చెట్టు కడతారు. ఇదీ పొరపాటే. మేనేజర్లు మారితే విభాగాలు మారతాయి. గోడలు మారవు. అగ్గి అంటుకునేది విభాగానికి కాదు, గదికి. మూతపడిన షెడ్డును జాబితాలోంచి చెరిపేయడం ఇంకో తప్పు. దాంతోపాటు అక్కడ జరిగిన ప్రమాదాల చరిత్రా పోతుంది. ‘వాడకంలో లేదు’ అని గుర్తుపెట్టి ఉంచేయాలి.

ఇక తాత్కాలిక చోట్ల సంగతి మరీ అన్యాయం. పరంజా, తవ్విన గొయ్యి, రేకుల పైకప్పు, ట్యాంకు లోపలి భాగం... ఇవి జాబితాలోనే ఉండవు. కాంట్రాక్టు కూలీలు ప్రాణాలు పణంగా పెట్టేది మాత్రం ఎక్కువగా ఇక్కడే!

మణలి నేర్పిన పాఠం
2020 ఆగస్టు 4న లెబనాన్‌ రాజధాని బీరూట్‌ ఓడరేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌ పేలి రెండొందల మందికి పైగా చనిపోయారు. రెండు మూడు రోజుల్లోనే చెన్నై వాసుల గుండెల్లో రాయి పడింది. 2015లో కస్టమ్స్‌ అధికారులు స్వాధీనం చేసుకున్న అదే రసాయనం, సుమారు 700 టన్నులు, 37 కంటైనర్లలో మణలి దగ్గరి గోదాములో ఉన్నట్లు తెలిసింది. అదే నెలలో దాన్ని వేలం వేసి హైదరాబాద్‌కు తరలించారు. సరుకు ఎక్కడుందో దస్త్రాల్లో ఉంది. ‘ఇన్నేళ్లుగా ఇక్కడే ఎందుకుంది?’ అని అడిగించే ఏర్పాటే లేకపోయింది. చోటుకు బాధ్యుడు, గడువు ఉండాలనేది ఇందుకే. గడువు దాటితే సాఫ్ట్‌వేరే గంట కొట్టాలి.

తలలు లెక్కపెట్టాలంటే...
2025 జూన్‌ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలోని సిగాచి ఔషధ కర్మాగారంలో జరిగిన పేలుడును ఎవరూ మరవలేదు. 8 మంది ఆచూకీ చివరికీ దొరకలేదు. వారి కుటుంబాలు గేటు దగ్గర రోజుల తరబడి పడిగాపులు కాశాయి. షిఫ్టులో ఎవరున్నారన్నది గేటు రిజిస్టర్‌ చెబుతుంది. ఎవరు ఏ భవనంలో ఉన్నారన్నది పనిచోట్ల జాబితా చెప్పాలి. ఈ రెండూ కలిస్తేనే తలల లెక్క తేలుతుంది.

భోపాల్‌ దుర్ఘటన తర్వాత కేంద్రం 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు తెచ్చింది. వాటి పరిధిలోకి వచ్చే పెద్ద కర్మాగారాలు అత్యవసర ప్రణాళిక రాసుకోవాలి, ఆరు నెలలకోసారి విన్యాసం చేయాలి. ఆ ప్రణాళికలో ఒక పేరు, కంప్యూటర్‌లో ఇంకో పేరు, తలుపు మీద మరో పేరు ఉంటే అగ్నిమాపక సిబ్బంది ఎటు పరుగెత్తాలి?

మనవాళ్లు ఏం చేయాలి?
గుమ్మిడిపూండి, అంబత్తూరు, శ్రీపెరుంబుదూరు, అటు తడ, శ్రీసిటీ... సరిహద్దుకు రెండు వైపులా తెలుగువాళ్లు వేలల్లో పనిచేస్తున్నారు. సాఫ్ట్‌వేర్‌ మన చేతిలో లేకపోవచ్చు. అడిగే నోరు మనదే కదా!

మీరు పనిచేసే చోటుకు జాబితాలో ఉన్న పేరేమిటో సూపర్‌వైజర్‌ను అడగండి. ఆ పేరే తలుపు మీద తమిళం, తెలుగు, హిందీల్లో రాయించమనండి. చదవడం రానివారి కోసం పెద్ద అంకె, రంగు ఉంటే ఇంకా మేలు. కాలు జారినా, వేలు నలిగినా చిన్నదే కదా అని వదిలేయొద్దు. చోటు పేరుతో సహా రాయించండి. ఉన్నట్టుండి వేరే షెడ్డుకు పంపితే ఆ మార్పు నమోదైందో లేదో చూసుకోండి. బయటికొచ్చి నిలబడాల్సిన అసెంబ్లీ పాయింట్‌ ఏదో పనిలో చేరిన రోజే కనుక్కోండి.

భద్రత అధికారులూ ఒక్కసారి చెట్టు కాగితం చేతపట్టుకుని ఆవరణంతా కాలినడకన తిరగాలి. కూలీలు దేన్ని ఏమని పిలుస్తున్నారో రాసుకోవాలి. ఒకపూట పని. ఖర్చు పెద్దగా లేదు. ఆ పూట శ్రద్ధ పెడితే, రేపు పొగ కమ్ముకున్న వేళ ‘కొత్త షెడ్డులో ఇద్దరున్నారు’ అని ఎవరైనా అరిస్తే... అది ఏ షెడ్డో అందరికీ తెలుస్తుంది.