మీకు తెలుసా? శ్రీలంకను చుట్టి వెళ్లే పీఎస్‌ఎల్‌వీ

2017 ఫిబ్రవరి 15న తిరుపతి జిల్లా శ్రీహరికోట నుంచి ఒకే పీఎస్‌ఎల్‌వీ 104 ఉపగ్రహాలను మోసుకెళ్లింది. వాటిలో 101 విదేశాలవే. ఆ లెక్క అందరికీ గుర్తుంది కానీ, ఆ రాకెట్ తిరిగే మలుపు గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. నిజానికి అదే ఎక్కువ మెచ్చుకోదగ్గది.

నేలను పరిశీలించే ఉపగ్రహాలు ఎక్కువగా ధ్రువాల మీదుగా తిరుగుతాయి. వాటిని పంపాలంటే రాకెట్ దక్షిణానికి పోవాలి. శ్రీహరికోటకు ఆ దిక్కున శ్రీలంక ఉంది. విడిపోయిన రాకెట్ భాగాలు జనం మీద పడకూడదు. అందుకే పీఎస్‌ఎల్‌వీ ముందు ఆగ్నేయంగా సముద్రం మీదకు వెళ్లి, ఆ తర్వాత దక్షిణానికి మళ్లుతుంది.

ఈ చుట్టుదారికి ఇంధనం అదనంగా ఖర్చవుతుంది. పీఎస్‌ఎల్‌వీ తట్టుకుంటుంది. చిన్న ఉపగ్రహాల కోసం చేసిన ఎస్‌ఎస్‌ఎల్‌వీకి మాత్రం అది పెద్ద భారం, మోయగల బరువు బాగా తగ్గిపోతుంది. అందుకే తమిళనాడులోని కులశేఖరపట్నంలో కొత్త ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి దక్షిణానికి దారంతా సముద్రమే.

శ్రీహరికోటకూ పని పెరుగుతోంది. అక్కడ మూడో ప్రయోగ వేదికకు 2025 జనవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.