దారం బరువు తీసేయగా...

రాళ్లు, లక్క, దారం, కొక్కెం. కుదవకు వచ్చిన నగ మొత్తం బరువులోంచి వీటి బరువు తీసేశాక అసలు బంగారం ఎంత మిగిలిందో కాగితం మీద రాయాలి. ఏది ఎందుకు తీసేశారో నగ తెచ్చిన మనిషికి విడమరిచి చెప్పాలి. ఏ బామ్మ నోటి నుంచో వచ్చిన జాగ్రత్తలా వినిపిస్తున్నా, ఇది 2025 జూన్ 6న భారత రిజర్వు బ్యాంకు విడుదల చేసిన బంగారం, వెండి తాకట్టు రుణాల ఆదేశాల్లోని మాట. ముంబయి ఆఫీసులో కూర్చుని రాసినవాళ్లకు తాళిబొట్టు దారం గుర్తుకొచ్చిందంటే మెచ్చుకోవాల్సిందే.

కేంద్రం ఈ మధ్య తెచ్చిన నిబంధనలన్నీ మామూలు మాటల్లో చెప్పాలి, శుక్రవారానికల్లా పేజీలు వెళ్లిపోవాలి. సంపాదకుడు అప్పగించిన పని ఇదీ. బల్ల మీద కుప్ప పెద్దదే. 2025 సెప్టెంబరు 22 నుంచి మారిన జీఎస్టీ రేట్లు, నవంబరు 14న వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ నియమాలు, అదే నెల 21న అమల్లోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు. రిజర్వు బ్యాంకు అయితే నవంబరు 28న తన తొమ్మిది వేలకు పైగా పాత సర్క్యులర్లను చెత్తబుట్టలో వేసి, వాటి బదులు 244 ఆదేశాల పత్రాలు తెచ్చింది. అన్నీ ఓ ఆదివారం సంచికలో ఇమడవు. ఆ కుప్పలో ప్రాణమున్న కాగితం మాత్రం ఈ తాకట్టుదే. 2026 ఏప్రిల్ 1 లోపు బ్యాంకులు, సహకార బ్యాంకులు, బంగారం మీద అప్పులిచ్చే ఫైనాన్సు కంపెనీలు అన్నీ దీని దారికి రావాలన్నది గడువు.

ఈ కాగితాన్ని చదవాల్సిన ఊళ్లలో పెరియకుళం ఒకటి. తమిళనాడు తేని జిల్లాలో కొడైకెనాల్ కొండల కింద, వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. చుట్టూ మామిడి తోటలు, ఊళ్లో ఉద్యాన కళాశాల, పక్కనే వడుగపట్టి వెల్లుల్లి సంత. మామిడి డబ్బు ఏడాదికోసారే చేతికొస్తుంది. బడి ఫీజులు, పెళ్లిళ్లు, ఆసుపత్రి బిల్లులు మాత్రం తోట కాపు చూసుకుని రావు. ఆ మధ్యలో ఇంటిని నడిపేది బీరువాలోని నాలుగు సవరన్ల గొలుసే. అక్కడ సవరను అంటే ఎనిమిది గ్రాములు, మన కాసు లెక్కే.

ఆ గొలుసు కౌంటరు మీదికి వచ్చాక ఏం జరగాలి?

మొదటిది, నగను పరీక్షించేటప్పుడు సొంతదారు అక్కడ ఉండాలి. లోపలి గదిలోకి తీసుకెళ్లి, కాసేపయ్యాక ఓ అంకె చెప్పే పద్ధతి కుదరదు. రెండోది, పరీక్ష అయ్యాక సంస్థ లెటర్‌హెడ్ మీద ధ్రువపత్రం రాయాలి. ఎన్ని క్యారెట్లు, మొత్తం బరువు ఎంత, రాళ్లకీ లక్కకీ దారానికీ కొక్కేనికీ ఎంత తగ్గించారు, నికర బంగారం ఎంత, దాని విలువ ఎంత, ఎక్కడన్నా సొట్టగానీ విరుపుగానీ ఉందా అన్నవన్నీ అందులో ఉండాలి. నగ ఫొటో కూడా. ఆ పత్రం ఒక ప్రతి అప్పు తీసుకున్న మనిషి చేతికి రావాలి.

ఓ లెక్క వేసి చూద్దాం. అంకెలు కేవలం ఉదాహరణకే. 24 గ్రాములు తూగిన పాత హారం. రాళ్లకు 1.5, లోపల నింపిన లక్కకు 0.7, దారానికీ కొక్కేనికీ కలిపి 0.3 గ్రాములు పోతే 21.5 మిగిలింది. గీటురాయి మీద అది 20 క్యారెట్లని తేలింది. 22 క్యారెట్ల ధరతో లెక్క కట్టాలంటే దాన్ని ఆ మేరకు తగ్గించాలి. అప్పుడు దాదాపు 19.5 గ్రాములు. కూలీ, తరుగు, పనితనం, అమ్మమ్మ జ్ఞాపకం వీటికి విలువ కట్టరు. 24 గ్రాముల నగ 19.5గా ఎలా మారిందో ఇన్నాళ్లూ నగకు విలువ కట్టే అప్రైజరు మనసులోనే ఉండేది. ఇకపై ఆ మెట్లన్నీ కాగితం మీద కనిపించాలి. ఈ పత్రంలో అసలు గొప్పతనం ఇదేనని ఈ కథనం అభిప్రాయం. పేపర్లలో పెద్దక్షరాలతో వచ్చిన 85 శాతం దీని ముందు చిన్న సంగతి.

ఆ 85 శాతం సంగతి కూడా చూసేద్దాం. ఇంటి అవసరాలకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపయితే బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చు. రెండున్నర నుంచి ఐదు లక్షల దాకా 80. ఐదు దాటితే 75. బంగారం ధర కూడా వాళ్లిష్టం కాదు. గడిచిన 30 రోజుల సగటు, నిన్నటి ముగింపు ధర, రెండింట్లో ఏది తక్కువైతే అదే. ఇక్కడే ఓ మెలిక ఉంది. అసలూ వడ్డీ చివర్లో ఒకేసారి కట్టే అప్పు అయితే, ఆ శాతాన్ని గడువు నాటికి కట్టాల్సిన మొత్తంతో పోల్చి చూస్తారు. లక్ష విలువైన నగ మీద 10 శాతం వడ్డీకి ఏడాది అప్పు తీసుకుంటే, గడువునాటికి వడ్డీతో కలిపి 85 వేలు దాటకూడదు. అంటే చేతికొచ్చేది సుమారు 77,270 రూపాయలు. 85 వేలు వస్తాయనుకుని వెళ్లిన మనిషి, కౌంటరులో ఉన్నవాళ్లు ఏడున్నర వేలకు పైగా నొక్కేశారనుకుంటే తప్పు ఎవరిది? ఈ ఒక్క ముక్క గోడ మీద బోర్డు రాసి పెడితే సగం గొడవలు పుట్టవు.

ఒకేసారి కట్టే అప్పుకు ఏడాదే గరిష్ఠ గడువు. దాన్ని మళ్లీ కొనసాగించాలంటే అప్పటిదాకా పెరిగిన వడ్డీ కట్టి తీరాలి.

నిజానికి 2025 ఏప్రిల్‌లో వచ్చిన ముసాయిదా ఇంత మెత్తగా లేదు. తమిళనాడు అంతా గోల పుట్టింది. ముఖ్యమంత్రి స్టాలిన్ మే నెలలో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్‌కు లేఖ రాశారు. ఆమె పుట్టింది మదురైలోనే, మెట్టింది నరసాపురంలో. కుదవ సంగతి రెండు వైపుల నుంచీ తెలిసే ఉండాలి. చిన్న రుణాల వాళ్లను ఇబ్బంది పెట్టొద్దని ఆర్థిక శాఖే రిజర్వు బ్యాంకుకు సూచించింది. చివరి పత్రంలో రెండున్నర లక్షల లోపు అప్పుకు తిరిగి కట్టే శక్తి ఉందా అన్న విచారణ తప్పనిసరి కాకుండా పోయింది. పుట్టింటివాళ్లు పెట్టిన గొలుసుకు బిల్లు ఎక్కడ తెస్తాం అన్న ప్రశ్నకూ జవాబు దొరికింది. బిల్లు లేకపోతే ఆ నగ తనదెలా అయిందో చెప్పే డిక్లరేషన్ చాలు.

ఇక భాష. పెరియకుళం పేరు ఈ కథనంలోకి వచ్చింది దీని కోసమే.

తెలుగు ఇక్కడికెలా చేరిందన్న చరిత్ర ఒక్క ఊపులో. 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురై గద్దె ఎక్కడం, పాళెగాళ్ల ఏర్పాటు, బోడినాయకనూరు, గండమనాయకనూరు లాంటి పాళెగాళ్ల ఊళ్లు, వాళ్లతోనూ వాళ్ల ముందూ వెనకా వేర్వేరు పనుల మీద వచ్చిన రాజకంబళం, కమ్మ, గవర, బలిజ, దేవాంగ, అరుంధతీయ కుటుంబాలు. మోటారు రోడ్డు పడకముందు దొరలు కొడైకెనాల్ ఎక్కడానికి బయల్దేరిన చోటు పేరు కూడా కృష్ణమనాయకుని తోపే. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్లు 42 లక్షల పైమాటే. మిగతాది పుస్తకాల్లో చూసుకోవచ్చు.

వీళ్లలో చాలామందికి ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తర్వాత బడిలో తెలుగు అక్షరం ఇంకా దూరమైంది. వాళ్లు తెలుగులో పోట్లాడతారు, తమిళంలో సంతకం పెడతారు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు వాక్యం చదవండి. అప్పు షరతులు, అప్పు తీసుకున్నవారి ప్రయోజనానికి ముఖ్యమైన వివరాలు ఆ ప్రాంత భాషలో గానీ, వారు ఎంచుకున్న భాషలో గానీ ఉండాలి. చదువు రానివారికైతే ముఖ్యమైన షరతులు సాక్షి ఎదుట వివరించాలి. ఆ సాక్షి అప్పిచ్చే సంస్థ ఉద్యోగి కాకూడదు.

వినడానికి బాగుంది. కానీ ఆ ‘గానీ’తోనే చిక్కు. పెరియకుళంలో ప్రాంత భాష తమిళం. తమిళ కాగితం చేతికిచ్చి నియమం తీరిందంటే కాదనడానికి లేదు. పట్టుబట్టి తెలుగు కాగితం తెప్పించుకున్నా తెలుగు అక్షరం రాని ఇంట్లో దాన్ని చదివేదెవరు? తెలుగు మాట వచ్చి, తెలుగు చదవడం రాని మనిషి ఈ పత్రం రాసినవాళ్ల ఊహలో లేడు. చదువు రానివాడు అంటే ఏ చదువు రానివాడు?

దీనికంటే ముందే వచ్చిన ఇంకో సర్క్యులరు ఇక్కడ అక్కరకొస్తుంది. 2024 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు కీలక వివరాల పత్రం గురించి ఆదేశమిచ్చింది. 2024 అక్టోబరు 1 నుంచి మామూలు వినియోగదారుల అప్పులన్నిటికీ అది ఇవ్వాలి. అసలు వడ్డీ, అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి పడే శాతం, అన్నీ అందులో ఉంటాయి. దాన్ని అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో రాయాలి, అందులోని సంగతులు వివరించాలి, అర్థమైందని వారి నుంచి రాయించుకోవాలి. ప్రాంత భాష అన్న తప్పించుకునే దారి ఇందులో లేదు. ‘వివరించాలి’ అన్నారు గనక పెరియకుళం అక్క అడగాల్సింది నోటిమాట. “కాగితం తమిళంలోనే ఉండనీ, నాకు తెలుగులో చెప్పు తమ్ముడూ.” ఆ ఊరి శాఖలో తెలుగు మాట్లాడే ఉద్యోగి దొరకకపోవడం కష్టమే.

తెలుగులోకి మార్చినంత మాత్రాన పని అయిపోతుందన్న భ్రమా వద్దు. ‘పూచీకత్తుగా సమర్పించబడిన ఆభరణముల శుద్ధతా నిర్ధారణ రుణగ్రహీత సమక్షమున జరుపబడవలెను’ అని రాస్తే పెరియకుళమే కాదు, పెదకూరపాడు కూడా బెదిరిపోతుంది. ‘నగను మీ ముందే పరీక్షించాలి’ అంటే సరిపోదూ! అమెరికాలో ఫెడరల్ సంస్థలు జనం కోసం రాసేవి తేలిగ్గా అర్థమయ్యేలా ఉండాలని 2010లో ఏకంగా చట్టమే చేశారు. మన దగ్గర అలాంటి పట్టుదల ఉంటే ముందు బాగుపడాల్సింది అనువాదాల భాష.

అప్పు తీరాక

అప్పు పూర్తిగా కట్టిన రోజే నగ ఇచ్చేయాలి, ఎంత ఆలస్యమైనా ఏడు పనిదినాలు దాటకూడదు. సంస్థ తప్పు వల్ల దాటితే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం. వాళ్ల దగ్గరున్నప్పుడు నగ దెబ్బతింటే బాగుచేయించే ఖర్చు వాళ్లదే. అప్పు తీరక వేలం వేయాల్సి వస్తే ముందుగా తెలియజేయాలి. కనీసం రెండు పత్రికల్లో ప్రకటన, అందులో ఒకటి ప్రాంతీయ భాషది. రిజర్వు ధర అప్పటి విలువలో 90 శాతానికి తగ్గకూడదు, రెండుసార్లు వేలం పాడైతే 85. అప్పు పోగా మిగిలిన డబ్బు, వేలం సొమ్ము పూర్తిగా అందిన ఏడు పనిదినాల్లో నగ యజమానికి చేరాలి.

ఇవేవీ వీధి చివరి వడ్డీ వ్యాపారి కొట్టుకు వర్తించవు. తమిళనాడులో వాళ్లు రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు కింద, 1943 నాటి తాకట్టు వ్యాపారుల చట్టం పరిధిలో ఉంటారు.

ఫోన్ నంబరు అడిగితే

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం భాష విషయంలో ఇంకో అడుగు ముందుకేసింది. మన వివరాలు తీసుకునేందుకు సమ్మతి అడిగే నోటీసు స్పష్టమైన, తేలిక మాటల్లో ఉండాలి. ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ చూసుకునే వీలివ్వాలి. ఎంపిక మనిషిదే, రాష్ట్రానిది కాదు. అంటే తేనిలో తెలుగు అడగొచ్చు, తెనాలిలో తమిళం అడగొచ్చు. ఈ బాధ్యతలు నియమాలు వచ్చిన పద్దెనిమిది నెలలకు, 2027 మే నుంచి అమలవుతాయి. తప్పు చేసిన కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. ఆ డబ్బు మాత్రం ప్రభుత్వ ఖజానాకే, నష్టపోయిన మనిషికి రూపాయి రాదు. 22 భాషల హక్కునిచ్చిన ఆ నియమాలు గెజిట్‌లో వచ్చింది హిందీలో, ఇంగ్లీషులో.

తాకట్టుకు వెళ్లేవాళ్లు మూడు పనులు చేయండి. పరీక్ష జరిగేటప్పుడు కౌంటరు దగ్గరి నుంచి కదలకండి. ధ్రువపత్రం ప్రతి చేతికి రానిదే డబ్బు లెక్కపెట్టుకోకండి. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లు వెళ్తుంటే సాక్షిగా మీ మనిషినే తోడు పంపండి. ఏదైనా తేడా వస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు, దానికి ఖర్చేమీ లేదు. ఎలా చేయాలో తెలుసుకోవడానికి 14448కి ఫోన్ చేయండి. అక్కడ జవాబు చెప్పే భాషల్లో తమిళమూ ఉంది, తెలుగూ ఉంది.